తయ్యారా, హవాపైమా, జహాజ్: ముస్లిం జనభాషలలో విమానవాచకాలు

క్రీ.శ. 1798లో, అనగా హిజ్రీ 1213లో, నెపోలియన్ సేనలు కైరో నగరాన్ని ఆక్రమించి ఉన్న రోజులలో ఫ్రెంచివారు నగరంలో ఒక ప్రకటన అంటించారు. అజ్బకియ్యా మైదానంలో తాము ఒక మర్కబ్‌ను గాలిలోకి పంపబోతున్నామని దాని సారాంశం. అందులో మనుషులు కూర్చుండి దూరదేశాలకు పోయి వార్తలు తేగలరని కూడా వారు చెప్పుకున్నారు. జనం గుమిగూడారు. బెలూను పైకి లేచింది, కొంతసేపు గాలివాటున పోయి కిందపడింది. ఆనాటి ఈజిప్టు చరిత్రకారుడు అబ్దుర్రహ్మాన్ అల్ జబర్తీ ఈ ఉదంతాన్ని తన చరిత్రగ్రంథంలో నమోదు చేశాడు. ఇందులో ఓడా లేదు, ప్రయాణీకులూ లేరు, పండుగలకు, పెళ్ళిళ్ళకు గుడారాలు వేసి తివాచీలు పరిచే ఫర్రాషులు చేసి ఎగరేసే తయ్యారా వంటిదే ఇది అని ఆయన తేల్చివేశాడు.

ఈ చిన్న ఉదంతంలో రెండు పదాలు పక్కపక్కనే నిలిచి ఉన్నవి. ఒకటి మర్కబ్: ఎక్కి పోయేది, వాహనం, ముఖ్యంగా ఓడ. రెండవది తయ్యారా: ఎగిరేది. అప్పటి కైరో వాడుకలో గాలిపటం. రైట్ సోదరులు 1903లో యంత్రంతో నడిచే విమానాన్ని ఎగురవేయటానికి నూరేళ్ళు ముందే, దానికి పేరు పెట్టగల దారులు రెండూ ఒక అరబ్బీ గ్రంథంలో కనిపించాయన్నమాట. తరువాతి కాలంలో ముస్లిం జనసమూహాల భాషలు చాలవరకు ఈ రెండింటిలో ఏదో ఒక దారి పట్టాయి. కొన్ని దానిని ఎగిరేదన్నవి. కొన్ని గాలి ఓడ అన్నవి.

ముస్లిం జనులందరికీ ధర్మగ్రంథభాష అరబ్బీ కనుక, కొత్త వస్తువులకు పేర్లు కూడా వారు అరబ్బీ నుండే తెచ్చుకుంటారనే అభిప్రాయం ఒకటి వ్యాపించి ఉన్నది. నమాజు, రోజా వంటి పదాలు అరబ్బీవి కావు, పారసీకపువి అన్న ఒక్క సంగతి గుర్తుంచుకున్నా ఈ అభిప్రాయం నిలువదు. అయినా దానిని పరీక్షించటానికి విమానం కంటె మంచి వస్తువు దొరకదు. ఏలననగా అది మొరాకో నుండి జావా వరకు గల దేశాలన్నింటికీ ఇంచుమించు ఒకే తరంలో చేరింది. ఏ భాషలోనూ దానికి పాతపేరు సిద్ధంగా లేదు. ప్రతి భాషా ఎంచుకోవలసి వచ్చింది. ఆ ఎంపికను నిర్ణయించినది మతం కాదు. పత్రిక ఎవరి చేతిలో ఉన్నది, బడి ఎవరి చేతిలో ఉన్నది, సైన్యం ఎవరి చేతిలో ఉన్నది అన్నదే నిర్ణయించింది.

ముందుగా అరబ్బీ సంగతి చూడవలెను. అరబ్బీలో ఎగురుటకు ధాతువు త-య-ర. దాని నుండి తైర్ అనగా పక్షిజాతి, తాయిర్ అనగా పక్షి. దివ్యఖుర్‌ఆన్‌లో అన్‌ఆమ్ సూరా 38వ ఆయత్‌లో రెండు రెక్కలతో ఎగిరే పక్షిని గురించి వచ్చే పదం ఇదే. ఈ ధాతువుకు మరొక నీడ కూడా ఉన్నది. ఇస్లాంకు పూర్వపు అరబ్బులు పక్షి ఎటు ఎగిరితే అటు శకునం చూచేవారు కనుక తాయిర్ అన్న మాటకు శకునం, విధి అనే అర్థాలు ఏర్పడ్డాయి. యాసీన్ సూరాలోనూ, బనీ ఇస్రాయీల్ సూరాలోనూ ఆ పదం ఈ అర్థంలోనే కనిపిస్తుంది. అటువంటి శకునాలను నమ్మరాదని దైవప్రవక్త (స) నిషేధించారు. నేడు అరబ్బీ గ్రాంథికభాషలో విమానాన్ని తాయిర అంటారు. వాడుకభాషలో తయ్యారా అంటారు. విమానం ఎక్కే అరబ్బుకు శకునం జ్ఞాపకం రాదు గాని, నిఘంటువు తెరిస్తే రెండూ ఒకే పుటలో ఉంటవి.

తయ్యారా అన్న రూపాన్ని గమనించవలెను. అరబ్బీలో ధాతువు నడిమి హల్లును ద్విత్వం చేసి, దాని తరువాత దీర్ఘం ఇస్తే ఆ పనినే వృత్తిగా చేసేవాడు, లేక ఆ పనిని అధికంగా చేసేవాడు అని అర్థం వస్తుంది. దారి చూపేవాడు దల్లాల్. నాణెములు మార్చేవాడు సర్రాఫ్. ఈ రెండు మాటలూ తెలుగులో దళారి, షరాబు అయి సంతలో తిరుగుతూనే ఉన్నవి. తయ్యార్ ఈ అచ్చులో పోసిన మాటే: బాగా ఎగిరేవాడు. దాని స్త్రీలింగం తయ్యారా. ఆధునిక అరబ్బీ ఈ అచ్చును యంత్రాలకు ధారాళంగా వాడుకున్నది. బట్టలుతికే యంత్రం గస్సాలా, శీతలయంత్రం సల్లాజా, యుద్ధపు టాంకు దబ్బాబా, మోటారుకారు సయ్యారా.

ఇందులో సయ్యారా కొత్తగా కల్పించిన మాట కాదు. యూసుఫ్ సూరాలో బాలుడైన యూసుఫ్ (అలైహిస్సలాం)ను బావి నుండి తీసిన బాటసారుల బృందం సయ్యారాయే. రైలుకు అరబ్బీలో కితార్ అంటారు. అది ఒకదాని వెనుక ఒకటి కట్టిన ఒంటెల వరుస. టెలిఫోనుకు హాతిఫ్ అంటారు. అది మనిషి కనిపించక వినబడే స్వరం. తయ్యార్ కథ కూడా ఇటువంటిదే. అబ్బాసీల కాలపు బాగ్దాదులో టైగ్రిస్ నదిపై పెద్ద అధికారులు తిరిగే ఒక జాతి వేగపు పడవకు తయ్యార్ అని పేరుండేది. అంతకంటె ముందు, హిజ్రీ 8లో ముఅతా యుద్ధంలో రెండు చేతులూ తెగి అమరులైన హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (ర)కు స్వర్గంలో రెండు రెక్కలు లభించినవన్న హదీసును బట్టి జాఫరె తయ్యార్ అన్న బిరుదు ఏర్పడింది. నేడు అరబ్బీలో విమానచోదకుడిని పిలిచే మాట తయ్యార్. కైరోలో బడిపిల్లవాడు తాను పెద్దయ్యాక తయ్యార్‌ను అవుతానంటే సహాబీ బిరుదునే పలుకుతున్నాడు.

ఇంతవరకు చెప్పినది మాట పుట్టిన తీరు. మాట వ్యాపించిన తీరు అంత ముచ్చటైనది కాదు. 1911లో ఇటలీ ఉస్మానియా సామ్రాజ్యంపై యుద్ధం ప్రకటించి లిబియాను ముట్టడించింది. ఆ యేడు అక్టోబరు 23న ఇటలీ సైనికుడు కార్లో పియాజ్జా త్రిపోలీ వద్ద తుర్కీ దళాల జాడ తీయటానికి విమానంలో ఎగిరాడు. నవంబరు 1న జూలియో గావొట్టి అన్న మరొక సైనికుడు త్రిపోలీ సమీపాన ఐన్ జారా, తాజూరా ప్రాంతాలపై చేతితో బాంబులు జారవిడిచాడు. యుద్ధంలో విమానం నుండి బాంబు వేయటం ప్రపంచంలో అదే మొదలు. ఆ విమానం జాతి పేరు టౌబె. జర్మను భాషలో పావురం అని అర్థం. యూరపులో విమానం సంతలో వినోదంగా, పందెంగా పరిచయమైంది. అరబ్బీ, తుర్కీ పాఠకులలో చాలామందికి అది యుద్ధవార్తగా పరిచయమైంది. కలకత్తా నుండి 1912లో వెలువడిన మౌలానా ఆజాద్ అల్ హిలాల్ వంటి ఉర్దూ పత్రికలు ఈ యుద్ధవార్తలను విరివిగా ప్రకటించాయి. తయ్యారా అన్న మాట ఉర్దూలో నేటికీ పత్రికాభాషగానే ఉండిపోవటానికి ఈ పుట్టుకయే ఒక కారణమనిపిస్తుంది.

ఉస్మానియా ప్రభుత్వం ఆలసించలేదు. 1912లో ఇస్తాంబూల్ వద్ద యెషిల్‌కోయ్‌లో విమానశిక్షణాలయం తెరిచారు. 1914లో ఇస్తాంబూల్ నుండి కైరోకు విమానయాత్ర తలపెట్టారు. ఫెత్హీ బే, సాదిక్ బే అన్న ఇద్దరు అధికారులు ఫిబ్రవరి 27న తబరియా సరస్సు సమీపాన విమానం కూలి మరణించారు. వెనుక వచ్చిన విమానం జాఫా వద్ద సముద్రంలో పడగా నూరీ బే మృతి చెందాడు. ముగ్గురినీ దమిష్కులో సుల్తాన్ సలాహుద్దీన్ సమాధి చెంతనే ఖననం చేశారు. తుర్కీ తీరంలోని ఒక పట్టణానికి 1934లో ఫెత్హీయె అన్న పేరు పెట్టినది ఆ ఫెత్హీ బే జ్ఞాపకార్థమే. ఈ యాత్ర సాగినది తుర్కులూ అరబ్బులూ కలిసి ఉన్న నేల మీదుగా. ఆ నేలంతటా విమానం పేరు తయ్యారాయే. తుర్కీవారు దానిని తైయారె అని పలికేవారు.

పదేళ్ళు తిరిగేసరికి సామ్రాజ్యమూ లేదు, ఖిలాఫత్ లేదు. కొత్త రిపబ్లిక్ 1925లో తుర్క్ తైయారె జెమియెతి అన్న విమానసంఘాన్ని స్థాపించింది. దాని నిధుల కోసం 1926లో తైయారె లాటరీ మొదలైంది. 1932లో భాషాసంస్కరణసంఘం ఏర్పడి అరబ్బీ, పారసీక పదాలను తొలగించే ఉద్యమం సాగింది. 1935లో విమానసంఘం పేరు తుర్క్ హవా కురుము అయింది. తైయారె పోయింది. సంఘం అన్న అర్థం గల జెమియెత్ అనే అరబ్బీ పదమూ పోయింది. కాని వాటి స్థానంలో వచ్చిన హవా స్వయంగా అరబ్బీ మాటే! శుద్ధి చేసినవారి కంట అది పడలేదనుకోవటం పొరపాటు. ప్రతి తుర్కు నోటా శతాబ్దాలుగా నలిగిన మాట వారికి పరాయిదిగా తోచలేదు, అంతే. విమానానికి మాత్రం ఉచ్, అనగా ఎగురు, అన్న తుర్కీ ధాతువు నుండి ఉచాక్ అన్న మాట నిలిచింది.

తుర్కీలో తరువాతి దశాబ్దాలలో ఒక మనిషి వాడే మాటలను బట్టి అతని రాజకీయాన్ని, దీనును కూడా అంచనా కట్టే అలవాటు ఏర్పడింది. పాతమాట పలికేవాడు మతవాది, కొత్తమాట పలికేవాడు మతానికి దూరమైనవాడు అని ముద్ర వేసేవారు. సంస్కరణను ఎగతాళి చేసేవారు విమానపరిచారికకు గోక్ కొనుక్సల్ అవ్రత్, అనగా ఆకాశపు ఆతిథ్యపు ఆడది, అన్న హాస్యపదాన్ని కల్పించి సంస్కర్తలకు అంటగట్టారు. ఈ కలహంలో తైయారె ఓడిపోయిన తీరు గమనించదగినది. నేడు తుర్కీలో ఇమాము గాని, హజ్‌కు పోయే వృద్ధుడు గాని ఉచాక్ అనే అంటాడు. వాని విశ్వాసం దానివల్ల తరిగినదీ లేదు, పెరిగినదీ లేదు. బూర్సా నగరంలో తైయారె సాంస్కృతిక కేంద్రం పేరులోను, ఇస్తాంబూల్‌లోని కొన్ని పాత కట్టడాల పేర్లలోను మాత్రం పాతమాట మిగిలింది.

సరిహద్దు దాటి అజర్‌బైజాన్‌కు పోతే చిత్రం తలకిందులవుతుంది. అజెరీ, తుర్కీ భాషలు దగ్గరి చుట్టాలు. ఒకరి మాట మరొకరికి చాలవరకు అర్థమవుతుంది. కాని అజెరీలో విమానం తయ్యారెయే. ఆ దేశం అరబ్బీ లిపిని విడిచి లాటిన్ లిపికి, 1939లో రష్యన్ లిపికి, 1991లో మరల లాటిన్‌కు మారింది. నాస్తికత్వాన్ని ప్రభుత్వనీతిగా గల సోవియట్ పాలనలో డెబ్బై ఏళ్ళు గడిపింది. ఇన్ని మార్పులలోను అరబ్బీ ధాతువు చెక్కుచెదరలేదు. అదే సోవియట్ పాలనలో ఉజ్బెక్కులు రష్యన్ మాట సమొల్యోత్‌ను అలవరచుకున్నారు. తానే ఎగిరేది అని దాని అర్థం. రష్యన్ జానపద కథలలో ఎగిరే తివాచీకి ఉన్న విశేషణం అది. మాటను బట్టి మతాభిమానాన్ని కొలిచేవారు ఈ రెండు ఉదాహరణలను పక్కపక్కన పెట్టుకుని చూడవలెను.

ఇరాన్ దారి వేరు. అక్కడ మొదట ఫ్రెంచి నుండి వచ్చిన ఆయెరొప్లాన్, అరబ్బీ నుండి వచ్చిన తయ్యారె రెండూ నడిచాయి. రజా షా కాలంలో 1935లో ఫర్హంగిస్తాన్ అన్న భాషా అకాడమీ ఏర్పడింది. ఆ కాలపు సంస్కరణలో హవాపైమా అన్న మాట స్థిరపడింది. పైమూదన్ అనగా కొలుచుట, నడిచి దాటుట. గాలిని కొలిచి దాటేది హవాపైమా. ఉర్దూలో కొలబద్దకు పైమానా అన్నది ఈ ధాతువుదే. దీని మూలంలోని మా ధాతువుకు, సంస్కృతంలో కొలుచుట అన్న అర్థం గల మా ధాతువుకు పుట్టుక ఒక్కటే. సంస్కృత విమానశబ్దం కూడా వి అన్న ఉపసర్గకు ఆ ధాతువు చేరి ఏర్పడింది. అరబ్బీని తప్పించుకోబోయిన తెహరాన్ పండితులూ, పుష్పకాన్ని తలచుకున్న భారతీయ పండితులూ ఒకరి సంగతి ఒకరికి పట్టకుండానే ఒకే పాతధాతువు వద్ద కలుసుకున్నారు.

విమానాశ్రయానికి ఇరానీయుల మాట ఫురూద్‌గాహ్, దిగే చోటు. ఈద్‌గా, దర్గాలలోని గా ఇదే. చోదకునికి ఖలబాన్ అన్న మాట నిలిచింది. ఖలా అంటే పడవ నడిపే గడ. కనుక పైలట్ పడవవాడయ్యాడు. పొరుగున అఫ్ఘానిస్తాన్‌లోనూ పారసీకమే మాట్లాడతారు. అయినా తెహరాన్ అకాడమీ ఆజ్ఞ కాబూలుకు చెల్లదు గనుక అక్కడ తయ్యారాయే నిలిచింది. ఆ దేశంలోనే పష్తూలో ఎగురుట అన్న సొంత ధాతువు నుండి అల్వతకా అన్న మాట చేసుకున్నారు.

హవా సంగతి మరికొంత చెప్పవలసి ఉన్నది. తుర్కీ, పారసీకం, ఉర్దూ మూడింటిలోను విమానానికి సంబంధించిన చాలా మాటలకు హవా తగులుతుంది. వైమానికదళం పారసీకంలో నీరూయె హవాయీ, తుర్కీలో హవా కువ్వెత్‌లెరి. కాని అరబ్బులు ఈ సందర్భంలో హవా అనరు, జవ్వ్ అంటారు. వారి వైమానికదళం కువ్వాత్ జవ్వియ్యా. నహ్ల్ సూరా 79వ ఆయత్‌లో ఆకాశమధ్యంలో నిలిచి ఎగిరే పక్షుల ప్రస్తావనలో వచ్చే పదం ఈ జవ్వ్. అరబ్బుకు హవాయీ అంటే రేడియో తీగ జ్ఞాపకం వస్తుంది. అరబ్బీ మాటలను అరబ్బులకు తెలియని అర్థాలలో వాడి కొత్త పదాలు కట్టినవారు అరబ్బులు కాని ముస్లిములు.

దీనికి ఉర్దూ హవాయీ జహాజ్‌ను మించిన నిదర్శనం లేదు. ఈ రెండు ముక్కలూ అరబ్బీవే. అయినా అరబ్బు వింటే గాలి పరికరం ఏమిటని అడుగుతాడు. అరబ్బీలో జహాజ్ అనగా సామగ్రి, సరంజామా. యూసుఫ్ సూరాలో సోదరులకు కట్టి ఇచ్చిన ప్రయాణసామగ్రి జహాజ్. నేటి అరబ్బీలో రేడియో వంటి ఏ పరికరమైనా జిహాజే. పారసీకంలో అది సరుకు నింపుకుని బయలుదేరే ఓడకు పేరైంది. హిందూస్తానీకి అదే అర్థం చేరింది. పెళ్ళికూతురితో పంపే సామగ్రికి ఉర్దూలో జహేజ్ అన్నదీ ఈ మాటకే మరో రూపం. ఓడా, కట్నమూ ఒకే మాటకు బిడ్డలు. హైదరాబాదు నగరంలో ఈ రెండింటిలో ఏది ఎక్కువ ఇండ్లను ముంచినదో వేరే చెప్పనక్కరలేదు.

ఉర్దూలో కొత్త మాటలు కట్టే విధానం గురించి హైదరాబాదులో పెద్ద చర్చయే జరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పాఠ్యగ్రంథాలు సమకూర్చటానికి 1917లో దారుల్ తర్జుమా అన్న అనువాదశాఖ ఏర్పడింది. అరబ్బీ ధాతువుల నుండి శాస్త్రపదాలు తీయాలని ఒక వర్గం పట్టుబట్టేది. ఆ విశ్వవిద్యాలయంలోనే ఉర్దూ ఆచార్యులైన వహీదుద్దీన్ సలీమ్ 1921లో ప్రకటితమైన వజ్ఎ ఇస్తిలాహాత్ గ్రంథంలో, ఉర్దూ ఆర్యకుటుంబానికి చెందిన భాష కనుక రెండు మాటలు జోడించి సమాసం చేయటమే దానికి సహజమని వాదించారు. తయ్యారా, హవాయీ జహాజ్ ఈ రెండు పక్షాలకూ చక్కని గుర్తులు. మొదటిది వార్తలలో ఉన్నది. రెండవది వీధిలో ఉన్నది. వీధి ఇంకొక అడుగు వేసి హవాయీ అడ్డా అన్నది. అడ్డా అరబ్బీ కాదు, పారసీకమూ కాదు, ఈ దేశపు మాట. కూలీల అడ్డా, రిక్షాల అడ్డా అని తెలుగువారు వాడేదే.

బొంబాయి నుండి జిద్దాకు హాజీలను తీసుకుపోయే ఓడలు 1995 నుండి ఆగిపోయాయి. అంతకుముందు హజ్ ప్రయాణపు కబుర్లలో జహాజ్ అంటే ఓడ. ఇప్పుడు హవాయీ అన్న విశేషణం లేకపోయినా జహాజ్ అంటే విమానమే. వస్తువు మారింది, మాట మారలేదు.

త-య-ర ధాతువు తెలుగులోకి రానేలేదని ఎవరైనా అనుకుంటే, వంటింటిలోకి పోయి వినవలెను. అన్నం తయారైంది, పిల్లలు బడికి తయారయ్యారు అన్న వాక్యాలలోని తయారు ఉర్దూ తయ్యార్ నుండి వచ్చింది. ఆ ఉర్దూ మాట పూర్వం అరబ్బీ తయ్యార్ వలెనే, తోయ్ అక్షరంతో, వ్రాయబడేది. డేగల వేటలో పాత ఈకలు రాలి కొత్త ఈకలు వచ్చి ఎగరటానికి సిద్ధమైన పక్షిని తయ్యార్ అనేవారని, దాని నుండి సిద్ధం అన్న అర్థం వచ్చినదని 19వ శతాబ్దపు హిందూస్తానీ నిఘంటుకారులు వివరించారు. ఆ వివరణ ప్రకారం, విమానం తయారుగా ఉన్నది అన్నప్పుడు ఉర్దూవాడు ఒకే ధాతువును రెండుమార్లు పలకవచ్చు: తయ్యారా తయ్యార్ హై.

అరబ్బీ పొరుగున ఉన్న ఆఫ్రికాలోనూ ఒకే దారి లేదు. సోమాలీ వారు తయ్యారాను దియారద్ అని తమ నోటికి అనువుగా మలచుకున్నారు. హౌసా వారు జిర్గిన్ సమా అంటారు. జిర్గి అనగా పడవ, సమా అన్నది అరబ్బీ నుండి వచ్చిన ఆకాశం. వారికి రైలు నేల పడవ, ఓడ నీటి పడవ. స్వాహిలీ అరబ్బీ పదాలతో నిండిన భాష. అయినా విమానానికి అది ఎవరినీ అడగలేదు. పక్షికి ఉన్న న్‌దెగె అన్న సొంతమాటనే విమానానికీ ఇచ్చింది. మాల్దీవుల వారు పైగా పోయే ఓడ అన్న అర్థంతో మతిన్‌దా బోటు అన్నారు. ద్వీపవాసులు అంతకంటె వేరుగా ఏమనగలరు?

తూర్పున ఇండొనీషియా, మలేషియాలలో కపల్ తెర్బాంగ్, ఎగిరే ఓడ, అన్నారు. ఈ కపల్ తమిళుల కప్పలే. ఇండొనీషియాలో విమానాశ్రయం బందర్ ఉదారా, అనగా గాలి రేవు. ఈ బందర్ పారసీకపు రేవు. మచిలీపట్నాన్ని బందరు చేసిన మాట కూడా ఇదే. ముస్లిముల సంఖ్యలో ప్రపంచంలో అగ్రస్థానాన ఉన్న దేశాలలో ఒకటైన ఇండొనీషియా 1949లో తన జాతీయ విమానసంస్థకు గరుడ అన్న పేరు పెట్టుకున్నది. బంగ్లాదేశ్ 1972 జనవరిలో స్థాపించిన సంస్థ పేరు బిమాన్, అనగా మన విమానమే. ఢాకా వారు విమానాశ్రయాన్ని బిమాన్‌బందర్ అంటారు. సగం సంస్కృతం, సగం పారసీకం. ఈ పేరు పలికినందుకు అక్కడ ఎవరి ఈమానునూ ఎవరూ శంకించలేదు.

తెలుగులో విమానం చాలకాలం దేవాలయ గర్భగుడిపై ఉండే గోపురం, లేదా పురాణాలలోని దేవతల రథం. పత్రికలు, పాఠ్యపుస్తకాలు పురాణవస్తువును యంత్రానికి అప్పగించాయి. తెలంగాణ పల్లెలలో మాత్రం దానిని గాలిమోటరు అన్నారు. హవాయీ జహాజ్ ఏ తోవన పుట్టిందో ఇదీ ఆ తోవనే పుట్టింది, ఓడ ఎరుగని నేలపై ఓడకు బదులు మోటరు వచ్చింది. ఒక భేదం మాత్రం ఇక్కడ చెప్పుకోవలెను. హిందూ పండితులు పుష్పకవిమానపు మాటను సామాన్యయంత్రానికి నిస్సంకోచంగా ఇచ్చారు. పైన చూచిన ముస్లిం భాషలలో మాత్రం మేరాజ్ రాత్రి దైవప్రవక్త (స) అధిరోహించిన బురాఖ్ పేరును ఎవరూ విమానానికి సామాన్యవాచకంగా పెట్టలేదు.

యంత్రం మారినకొద్దీ పదాల పని కూడా సాగింది. జెట్ విమానానికి అరబ్బీలో తాయిర నఫ్ఫాసా అంటారు. ఊదేది అని అర్థం. ఫలఖ్ సూరాలో ముడులపై ఊదేవారి నుండి శరణు వేడే చోట వచ్చే నఫ్ఫాసాత్ దీని బహువచనమే. హెలికాప్టరును నిలువుగా లేచేదని అమూదియ్యా అంటారు, పంకా గలదని మిర్‌వహియ్యా అంటారు. లెబనాన్‌లో తవ్వాఫా అంటారు. తవాఫ్ చేసేది, అనగా చుట్టూ తిరిగేది. కాబాను దర్శించినవారికి వేరే వివరణ అక్కరలేదు.

చోదకుడు లేని విమానానికి అరబ్బీ పత్రికలు ముసయ్యరా, నడిపించబడేది, అన్న మాట వాడుతున్నవి. సయ్యారా పుట్టిన ధాతువే దీనికీ మూలం. కాని గాజాలో దాని కింద బతికే జనం దానిని జన్నానా అంటారు. రేయింబవళ్ళు నెత్తిపైన జన్నుమని రొద చేసేది అని అర్థం. తయ్యారాను పోసిన అచ్చులోనే ఈ మాటనూ పోశారు. ఇంగ్లీషు డ్రోన్ కూడా ఇటువంటిదే, తేనెపట్టులో గుయ్‌మని తిరిగే మగ ఈగ పేరు అది.